అప్‌డేట్: కోరింగ మడ అడవిలో ఫ్లో అక్యుమ్యులేషన్ తప్పుగా రావడం – పరిష్కారమైంది

ఫ్లో అక్యుమ్యులేషన్‌ను (ఒక్కో గడికి, అంటే సెల్‌కు, ఎంత మేర నుంచి నీరు చేరుతుందో చెప్పే లెక్క) ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన) 30 మీటర్ల డెమ్‌తో, అంటే నేల ఎత్తుల డిజిటల్ పటంతో నడిపితే పాయలు అడవిని చుట్టుకుపోతున్నాయని, పొలాల్లో సమాంతర గీతలు పడుతున్నాయని అడిగాను. సలహాలిచ్చినవాళ్లకు థాంక్స్.

చిక్కంతా డెమ్‌దే. రాడార్ నేలదాకా దిగదు, చాలావరకు చెట్ల గుబురునే కొలుస్తుంది. అందుకే మడ అడవి గట్టులా లేచింది. పైగా ఎత్తులన్నీ పూర్ణాంక మీటర్లలో ఉన్నాయి, దాదాపు చదునైన డెల్టా వాలుకు అది ఏ మూలకు? పొలాల్లో గీతలు అందుకే. చెట్ల ఎత్తు తీసేసిన ఫ్యాబ్‌డెమ్ అనే డెమ్ తీసుకుని, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం మీద గీసిన పాయలను 3 మీటర్లు దించి (నిజమైన లోతు కాదు, దారి చూపడానికే), ఫిల్ (గుంటలు పూడ్చడం) బదులు బ్రీచ్ (అడ్డొచ్చే గట్టును కోసి నీటికి దారివ్వడం) నడిపితే కుదిరింది. రోడ్డు గట్ల కింద తూములున్నచోట మాత్రం సెల్స్ చేత్తో కోయాల్సిందే.

10 మీటర్లకు రీశాంప్లింగ్ (సెల్స్‌ను చిన్నవి చేయడం), ప్రొజెక్షన్ (పటం కొలతల పద్ధతి) మార్పు ఈ చిక్కుకు దండగే అయ్యాయి.

పోటుకు పాయల్లో నీరు ఎదురెక్కుతుంది. కానీ ఈ లెక్కలో వాడే డీ8 పద్ధతి ఒక్కో సెల్ నుంచి పల్లానికి ఒక్క దిశే చూపిస్తుంది. మొక్కలు నాటే చోటుకు ముంపు గంటలు కావాలంటే పోటుపాట్లతో నీటి కదలికను లెక్కించే 2డీ మోడల్ విడిగా కట్టాలి.