పందెపు గుర్రానికి నవ్వులాట పేరు పెట్టొచ్చా?

లాయం కబుర్లు
నలుగురైదుగురు కలిసి గుర్రాన్ని కొంటే మొదటి తగాదా దాణా ఖర్చు దగ్గర రాదు, పేరు దగ్గర వస్తుంది. ఒకరు దేవుడి పేరంటారు, ఒకరు కూతురి పేరంటారు, ఇంకొకరు జనం పగలబడి నవ్వే పేరు కావాలంటారు. ఆ మూడో రకం గురించే ఈ చర్చ. పందెపు గుర్రాల వంశాలు నమోదు చేసే స్టడ్ బుక్కులోకి ఎక్కిన పేరు గుర్రం పోయినా చెరగదు. అలాంటి చోట నవ్వులాట తగునా?

తగుననే నేనంటాను. రేసు చూడ్డానికి వచ్చినవాడు ఇంటికెళ్లాక ఆ రోజు పందేల కార్డు మీది పేర్లలో గుర్తుపెట్టుకునేది అలాంటి ఒక్కదాన్నే. మూడు నమూనాలు పెడుతున్నా: ‘చుక్కలు చూపిస్తా’, ‘వెనకే వస్తా’, ‘ముందు నువ్వు పో’. మలక్‌పేట రేసుకోర్సు కార్డు మీద ఇవి పడితే తప్పేమిటో చెప్పండి.

శాలిహోత్రం
తప్పే. మన వాళ్లు గుర్రానికి ఎలాంటి పేర్లు పెట్టారో ఒకసారి చూడండి. కృష్ణుడి రథానికి శైబ్యం, సుగ్రీవం, మేఘపుష్పం, వలాహకం. సిద్ధార్థుడిది కంథకం. రాణా ప్రతాప్‌ది చేతక్. పేరు పలకగానే ఒళ్లు నిక్కబొడుచుకుంటుంది. ‘ముందు నువ్వు పో’ అంటే ఏం నిక్కబొడుచుకుంటుంది?

ఇది మర్యాద ఒక్కదానికి సంబంధించిన విషయం కూడా కాదు, డబ్బు విషయం. వేలం కేటలాగులో ఒక్కో పిల్లకు ఒక్క పేజీ. పైన తండ్రి, కింద మొదటి తల్లి, రెండో తల్లి, మూడో తల్లి (అంటే తల్లి, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి) వరసగా ఉంటాయి. పెద్ద పందేలు గెలిచిన సంతానం పేర్లు దళసరి నల్ల అచ్చులో పడతాయి. ఆడగుర్రానికి పదకొండు నెలల చూలు, ఏడాదికి ఒక్క ఈత. పదేళ్లు ఈనితే ఆ పది పిల్లల పేజీల్లోనూ, తర్వాత వాటి పిల్లల పేజీల్లోనూ మీ హాస్యం అచ్చవుతూనే ఉంటుంది. లక్షలు పెట్టి కొనేవాడు ఆ పేజీ తెరిచి నవ్వుకుంటే నవ్వు ఆయనది, నష్టం అమ్మేవాడిది.

వంశవృక్షం
శాలిహోత్రం గారూ, కేటలాగు సంగతి మీరు చెప్పినట్టే ఉంటుంది, కానీ లెక్క తిరగబడుతుంది. 1773లో ఇంగ్లండులో అబింగ్డన్ ప్రభువు లాయంలో ఒక మగపిల్ల పుట్టింది. తండ్రి ఎక్లిప్స్, ఓటమి ఎరగని పందెపు గుర్రం. దానికి పెట్టాలనుకున్న పేరు ‘పొటాటోస్’, అంటే బంగాళాదుంపలు. దాణా పెట్టె మీద రాయమంటే లాయం కుర్రాడు చెవికి వినబడింది రాశాడట: ‘పాట్’, దాని వెనక ఎనిమిది ‘ఓ’లు. పాట్, ఎయిట్, ఓస్! యజమానికి అది నచ్చి అదే ఉంచేశాడు. పుస్తకాల్లో ఇప్పటికీ ‘పాట్-8-ఓస్’ అని అంకెతో సహా కనిపిస్తుంది.

దాని కొడుకు వాక్సీ 1793లో ఇంగ్లండు పెద్ద పందెం డెర్బీ గెలిచింది. మనవలు వేల్‌బోన్ 1810లో, విస్కర్ 1815లో అదే డెర్బీ గెలిచాయి. ఇవాళ పరుగెత్తే థరోబ్రెడ్లలో (పందెపు జాతి గుర్రాల్లో) చాలావాటి మగవంశం పైకి వెతుక్కుంటూ పోతే ఈ బంగాళాదుంపల దగ్గరే తేలుతుంది. పేరు వంశాన్ని చెడగొట్టేదైతే అక్కడే చెడిపోవాలి కదండీ.

ఇంకొకటి. అలెగ్జాండర్ గుర్రం బుసెఫలస్ పేరుకు అర్థం ‘ఎద్దు తల’. అది పోయాక జీలం నది ఒడ్డున దాని పేరుతో ఊరే కట్టించాడు. మన ఉచ్చైశ్రవం కూడా నిక్కిన చెవులను చూసి పెట్టిన పేరే. కంటికి కనిపించిందాన్ని బట్టి పెట్టిన పేర్లే కాలం గడిచేకొద్దీ గంభీరమయ్యాయి.

రెయిలింగ్ పక్కన
మీరిద్దరూ పేరును కాగితం మీదే చూస్తున్నారు. పేరు బతికేది మైకులో. 1200 మీటర్ల పందెం దాదాపు 70, 72 సెకన్లు. ఆఖరి 400 మీటర్లకు 24 సెకన్లు. ఆ 24 సెకన్లలో కామెంటేటర్ జాకీల చొక్కా రంగులు చూసి, గుర్రాన్ని పోల్చుకుని, పేరు పలికి, ఎంత దూరంలో ఉందో కూడా చెప్పాలి. పన్నెండు గుర్రాలు పరుగెత్తితే ఏ పేరుకూ ఒక సెకను మించి దొరకదు.

ఇప్పుడు మీ నమూనాల్లో రెండోది పలకండి: ‘‘వెనకే వస్తా ముందుంది.’’ తెలుగు తెలిసినవాడు ఒక్క క్షణం ఆగిపోతాడు. ‘‘మూడో స్థానంలో ముందు నువ్వు పో’’ అంటే అసలు అర్థమే కాదు. స్థానం చెప్పే మాటలు పేర్లో ఉండకూడదు: ముందు, వెనక, మొదట, ఆఖరు, పక్కన, దూరం. ఇది నవ్వుకు అభ్యంతరం కాదు, వినికిడికి అభ్యంతరం. అమెరికాలో గుర్రాల పేర్లు నమోదు చేసే జాకీ క్లబ్ ఉత్త అంకెల పేర్లను ఒప్పుకోదు, ముప్పై దాటిన అంకెనైతే అక్షరాల్లో రాస్తే ఒప్పుకుంటుంది. జీను కింద గుడ్డ మీది నంబరుతో పేరు కలగాపులగం అయితే టికెట్ కౌంటర్ దగ్గర ఏమవుతుందో ఊహించుకోండి.

నవ్వుల పేరు మైకులో పండిన సందర్భమూ ఉంది. 2010 ఆగస్టులో న్యూజెర్సీ మన్‌మత్ పార్కులో ‘మా ఆవిడకి అంతా తెలుసు’, ‘ఆవిడకి తెలీదు’ అనే అర్థాలొచ్చే రెండు గుర్రాలు ఒకే పందెంలో దిగాయి. ఆఖర్న రెండూ పక్కపక్కనే వచ్చాయి. లారీ కాల్మస్ కామెంటరీ ఆ రెండు పేర్ల మధ్యే కొట్టుకుంది. ‘అంతా తెలుసు’ గెలిచింది. ఆ పందెం గుర్తుండిపోవడానికి కారణం, రెండూ స్థానం చెప్పే మాటలు కావు, భార్యాభర్తల మాటలు.

పద్దెనిమిది
ఆ రెండు పేర్లూ రిజిస్టరులో ఎలా ఉన్నాయో చూస్తే అసలు ఇబ్బంది తెలుస్తుంది. పేరుకు 18 రోమన్ అక్షరాలు దాటకూడదు. మధ్యలో ఖాళీ ఒక అక్షరం కింద లెక్క, కామా, చుక్క, గీత కూడా అంతే. ‘మై వైఫ్ నోస్ ఎవ్రీథింగ్’ని సరైన స్పెల్లింగుతో, ఖాళీలతో రాస్తే 24. అందుకని ఖాళీలన్నీ తీసేశారు, ‘నోస్’లో కే, డబ్ల్యూ ఎగరగొట్టారు, ‘ఎవ్రీ’లో నడిమి ఇ తీసేశారు. సరిగ్గా 18కి దిగింది.

ఇదే బాధ గొప్ప గుర్రాలకీ ఉంది. 2015లో అమెరికా ట్రిపుల్ క్రౌన్ (ఒకే ఏడాది మూడు పెద్ద పందేలు) గెలిచిన అమెరికన్ ఫారోని తీసుకోండి. తండ్రి ‘పయనీర్ ఆఫ్ ద నైల్’. మొదటి రెండు మాటలూ అతికించి రాస్తేనే 18. తల్లి ‘లిటిల్ ప్రిన్సెస్ ఎమ్మా’, మూడు మాటలూ కలిపేస్తే అదీ 18. అటూ ఇటూ గీత మీద నిలబడ్డ పేర్లు!

తెలుగు పేరుకు ఇంకో చిక్కు. మనం అక్షరమనేది వేరు, రోమన్ అక్షరం వేరు. ‘తొందరపడకురా’ మనకు ఏడక్షరాలు. రోమన్‌లో పదిహేను. ‘చుక్కలు చూపిస్తా’ చూడండి: చుక్కలుకి 8, ఖాళీకి 1, ‘చూ’కి రెండు ‘ఓ’లు వేసి చూపిస్తాకి 9. మొత్తం 18, పట్టింది. కానీ మనవాళ్లకు ‘త’ రాయాలంటే టి పక్కన హెచ్ పెట్టే అలవాటు. ఆ హెచ్ పడిందా 19, అర్జీ తిరిగొస్తుంది. ‘చూ’కి ఒక్క ‘యు’ వేస్తే హెచ్ ఉంచుకోవచ్చు. అర్జీ నింపే ముందు గళ్ల కాగితం మీద గడికొక అక్షరం రాసి లెక్కపెట్టుకోవడం మంచిది.

శాలిహోత్రం
మీరిచ్చిన ఉదాహరణలే నా వాదన. అమెరికన్ ఫారో పేరులో ‘ఫారో’ స్పెల్లింగు తప్పు, ఏ, ఓ తారుమారయ్యాయి. 37 ఏళ్ల తర్వాత వచ్చిన ట్రిపుల్ క్రౌన్ విజేత పేరు ఎప్పటికీ అక్షరదోషంతోనే ఉంటుంది. ఆటగా పేరు పెట్టేటప్పుడు చూపు ఆట మీదే ఉంటుంది, అక్షరం మీద ఉండదు.

మలక్‌పేట మామ
అన్నా, గది నవ్వు పేరు కానే కాదు, బరువైన పేరే. తప్పు రాసింది మనిషి, నవ్వు కాదు.

నేనొకటి చెప్త. లాయంల పిలిచే పేరు వేరే ఉంటది. గుర్రాన్ని చూసుకునే సైసు పొద్దుగాల నాలుగున్నరకు మాలీషు చేసుకుంట స్టడ్ బుక్కు పేరు పెట్టి పిలుస్తడా? అమెరికా గుర్రం మ్యాన్ ఓ వార్‌ను ‘బిగ్ రెడ్’ అన్నరు, అంటే పెద్ద ఎర్రోడు. సెక్రటేరియట్‌ను గూడ గదే అన్నరు. ఆస్ట్రేలియా ఫార్ లాప్‌ను ‘బాబీ’ అన్నరు. బుక్కుల మంచి పేరు వెట్టుండ్రి, నవ్వు పేరు లాయంల వెట్టుకోండ్రి. లొల్లే ఉండదు.

లాయం కబుర్లు
మామా, అలా సర్దేస్తే అసలు ప్రశ్న అక్కడే ఉండిపోతుంది. స్టాండులో జనం అరిచేది బుక్కు పేరే, లాయం పేరు వాళ్లకు తెలియదు.

రెయిలింగ్ గారు చెప్పింది మాత్రం ఒప్పుకుంటున్నా. ‘వెనకే వస్తా’, ‘ముందు నువ్వు పో’ రెండూ తీసేశాను. ‘చుక్కలు చూపిస్తా’ ఉంది.

వంశవృక్షం
‘చుక్కలు చూపిస్తా’లో నాకు కనిపించే లోపం ఒక్కటే. అది ఏ గుర్రానికైనా సరిపోతుంది. ఏ గుర్రానికైనా సరిపోయే నవ్వు ఈ గుర్రానికి పనికిరాదు.

అమెరికా గుర్రం సీబిస్కట్ పేరు ఎలా అల్లారో చూడండి. తాత మ్యాన్ ఓ వార్. ఆ మాటకు యుద్ధనౌక అనే అర్థం ఉంది. 21 పందేల్లో 20 గెలిచింది, 1919లో అప్‌సెట్ అనే గుర్రం చేతిలో ఒక్కసారి ఓడింది. (ఊహించని ఓటమికి ‘అప్‌సెట్’ అనే మాట ఆ రోజే పుట్టిందంటారు. కాదు, అంతకు నలభై ఏళ్ల ముందే పత్రికల్లో ఉంది.) దాని కొడుకు హార్డ్ టాక్. అంటే నావికులు నెలల తరబడి నిలవ ఉంచుకునే గట్టి రొట్టె. ఓడకు పుట్టింది కనక ఓడ రొట్టె. ఆ రొట్టెకే ఇంకో పేరు సీ బిస్కట్. కనక మనవడు సీబిస్కట్. మూడు తరాలు ఒకే ఓడ మీద! మొదటిసారి వింటే నవ్వొస్తుంది, వంశం తెలిస్తే ముచ్చటేస్తుంది. 1938 నవంబరు 1న పిమ్లికో రేసుకోర్సులో ఆ బిస్కట్ ముక్క ఓడించింది ఎవరిని? మ్యాన్ ఓ వార్ సొంత కొడుకు వార్ అడ్మిరల్‌ని. అంటే నౌకాదళాధిపతిని.

2009లో డెర్బీ గెలిచిన సీ ద స్టార్స్ కూడా ఇదే పని. తల్లి అర్బన్ సీ. ‘చూడు’ అనే సీని తీసేసి తల్లి పేరులోని సముద్రపు సీ పెట్టారు. చెవికి ‘నక్షత్రాలు చూడు’, కంటికి సముద్రం. మీ చుక్కలకు దగ్గరి చుట్టమే, కాకపోతే దీంట్లో అమ్మ ఉంది.

పద్దెనిమిది
జపాను మాట కూడా చెప్పాలి. అక్కడ పేరు కతకానా లిపిలో తొమ్మిది అక్షరాలు దాటకూడదు. ‘ఒరెవా మత్తెరుజె’ అని ఒక గుర్రం ఉండేది. ‘నేను కాచుకునున్నా’ అని అర్థం, వాళ్ల లిపిలో ఎనిమిదక్షరాలు. 2006లో తకమత్సునొమియ కినెన్ గెలిచింది. అది గ్రేడ్ 1 (అన్నిటికన్నా పై తరగతి), 1200 మీటర్ల పందెం, కాచుకునేందుకు టైమే ఉండదు. పేరు పూర్తి వాక్యమైనా వాళ్ల లిపి లెక్కలో పడుతుంది. మనం రోమన్‌లో లెక్కపెట్టుకోవాలి కనక వాక్యాలు మనకు ఖరీదు. ఒక్క మాటతో పోయే నవ్వు వెతుక్కోవాలి.

రెయిలింగ్ పక్కన
ఒక్క మాట అయితే ఉలవచారు. రోమన్‌లో 10 అక్షరాలు, ఖాళీ లేదు, స్థానం చెప్పదు. ఉలవలు గుర్రం దాణా, ఉడికించిన నీళ్లు మన కంచంలోకి. ఓడకు గట్టి రొట్టె ఎలాగో గుర్రానికి ఉలవలు అలాగ. ఒక్కటే జాగ్రత్త, ఇంగ్లీషు కామెంటేటర్ ‘ఉలావా’ అని సాగదీస్తాడు. మొదటి పందేనికి ముందే ఎలా పలకాలో ఒక చీటీ మీద రాసి కామెంటరీ గదికి పంపించాలి.

మలక్‌పేట మామ
ఉలవచారు బాగుంది. గెలిస్తే మలక్‌పేట మొత్తం అరుస్తది.

వంశవృక్షం
బరువైన పేరు కావాలనే వారికి ఇంకో ఉదాహరణ. సెక్రటేరియట్ పేరుకు ముందు పంపినవి వరసగా తిరిగొచ్చాయి. చివరికి లాయం ఆఫీసు చూసుకునే సెక్రటరీ ఎలిజబెత్ హామ్ ఇచ్చిన పేరు ఖాయమైంది. మన మాటలో సచివాలయం. గుర్రానికి సచివాలయం అని ఎవరైనా పెడతారా? 1973లో బెల్మాంట్ పందెం 31 లెంగ్తుల (గుర్రం పొడవుల) తేడాతో గెలిచాక ఆ పేరు వింటే ఆఫీసు గుర్తురాదు. మన దగ్గరే స్క్వాండరర్ ఉంది. అర్థం దుబారా మనిషి. 19 పందేల్లో 18 గెలిచింది.

అయితే ఒకటి గమనించండి. అమెరికాలో ఆరు పేర్ల దాకా ఇష్టం వరసలో రాసి పంపొచ్చు. మొదటిది తిరిగొస్తే రెండోది, అదీ కాకపోతే మూడోది. చాలామంది మొదటి రెండూ ఆలోచించి రాసి, మిగతా నాలుగూ తోచింది నింపేస్తారు. ఖాయమయ్యేది ఆ తోచిందే కావచ్చు. జాబితాలో ఆఖరి పేరు కూడా పదేళ్లు పిలవడానికి సిద్ధమైన పేరై ఉండాలి.

శాలిహోత్రం
సీబిస్కట్ మాట కాదనలేను. అది వెకిలి కాదు, అల్లిక. ఉలవచారు కూడా పిల్ల మగదైతే ఒప్పుకుంటా. ఆడదైతే నా కేటలాగు అభ్యంతరం అలాగే ఉంది, ఆ పేజీ మీద చారు పేరు పదేళ్లు చదవలేను.

కానీ లాయం కబుర్లు గారూ, ఇంతసేపు పేర్లే చెప్పారు. ఆ పిల్ల తండ్రి ఎవరు, తల్లి ఎవరు? ముందు అది చెప్పండి, తర్వాత పేరు చూద్దాం.