దులీప్ ట్రోఫీ మన అనంతపురంలో జరిగినప్పుడు ఎవరెవరు వెళ్లారు?

బెంగళూరులో అనంత
2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచులు, అదే దేశంలోని ఆటగాళ్లంతా జట్లుగా విడిపోయి ఆడే టోర్నీ, మన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండులో జరిగాయి కదా. నాకు సెలవు దొరకలేదు, ఒక్క రోజూ చూడలేకపోయాను. ఆ బాధ ఇంకా పోలేదు. స్కోర్లు నాకు తెలుసు. జనం ఎలా ఉన్నారో, మీరేం చూశారో రాయండి.

టవర్‌క్లాక్ కుర్రాడు
నేను మొదటి రోజే, 5వ తేదీన వెళ్లాను అన్నా. చుట్టుపక్కల కుర్రాళ్లంతా శ్రేయస్ అయ్యర్ కోసమే వచ్చారు. ఆయనేమో 9 పరుగులకే ఔట్. ఉన్నట్టుండి అరుపులన్నీ ఆగిపోయాయి. ఇంక సగం మంది లేచి వెళ్లిపోతారనుకున్నా. ఎవరూ కదల్లేదు! తర్వాత అక్షర్ పటేల్ వచ్చాడు. వాళ్ల జట్టు ఇండియా డి మొత్తం 164 కొడితే అందులో 86 ఆయనవే. వరసగా వికెట్లు పోతున్నా, చివర్లో వచ్చే బౌలర్లను పెట్టుకుని ఒక్కడే లాక్కొచ్చాడు. నా పక్కన ఒక పెద్దాయన ప్రతి ఫోర్‌కీ భుజం మీద టవల్ తీసి ఊపుతూనే ఉన్నాడు. పేరున్న ఆటగాడి కోసం వచ్చి, ఆట కోసం సాయంత్రం దాకా కూర్చున్నాం. నాకు అదే గుర్తుంది.

పీటీసీ గ్రౌండు
రెండో రోజు, మూడో రోజు ఇండియా సి కుర్రాడు మానవ్ సుతార్ స్పిన్ చూశావా తమ్ముడూ? ఇండియా డి రెండో ఇన్నింగ్స్‌లో 49 పరుగులిచ్చి 7 వికెట్లు. అంతకుముందు ఆ పేరు తెలియని వాళ్లు కూడా అతనికోసం గొంతు పోయేలా అరిచారు. కానీ ఒక్క మాట. ఇదే గ్రౌండులో రంజీ మ్యాచ్ జరిగితే ఇంత జనం ఎందుకు రారు? నేను వెళ్లినప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన ఆంధ్ర వాళ్లు ఆడేది రంజీలోనే కదా.

నార్పల అక్క
నిజమే, ఆ వెలితి నాకూ ఉంది. ఆ గ్రౌండు మూడు వారాల పండగ కోసం కట్టింది కాదు. స్పెయిన్ ఆయన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మన జిల్లాకు వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థది. అక్కడ పల్లె పిల్లలు క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ నేర్చుకుంటారు. 2010లో రఫెల్ నాదల్ స్వయంగా వచ్చి టెన్నిస్ స్కూల్ ప్రారంభించాడు, మన అనంతపురంలో! అక్కడ బంతి పట్టిన మా నార్పల మండలం అమ్మాయి బారెడ్డి అనూష, 2023 జులైలో బంగ్లాదేశ్ మీద ఇండియాకు ఆడింది. ఆ రోజు మా వీధిలో ఆడవాళ్లందరం పనులు పక్కన పెట్టి ఫోన్‌లో చూశాం.

కడప కుర్రోడు
మాకూ అలాంటి రాత్రి ఒకటి వచ్చింది అక్కా. 2025 నవంబరు 2, మహిళల వరల్డ్ కప్ ఫైనల్. మా జిల్లా పిల్ల శ్రీచరణి సౌతాఫ్రికా బ్యాటర్‌ను సున్నాకే ఎల్బీ చేసింది. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. కప్పు గెలిచాక మా సందులో అర్ధరాత్రి టపాకాయలు కాల్చారు. మా నాన్నకు కళ్లనీళ్లు ఆగలేదు. ఇప్పుడు మా చెల్లెలు స్పిన్ వేస్తానంటోంది, రోజూ మిద్దె మీద గోడకేసి బంతి వేస్తోంది.

బెంగళూరులో అనంత
చదువుతుంటే ఊరికి వచ్చినట్టే ఉంది. పీటీసీ అన్నా, మీ మాట గుచ్చుకుంది. వచ్చే ఆదివారం వస్తున్నా. ఆడపిల్లల మ్యాచ్ ఏదైనా ఉంటే చెప్పండి, మా పాపను తీసుకొస్తాను. తొమ్మిదేళ్లు, లెఫ్ట్ హ్యాండ్.

నార్పల అక్క
కనుక్కుని చెప్తాను తమ్ముడూ. మ్యాచ్ లేకపోయినా ప్రాక్టీస్ ఉంటుంది. పొద్దున్నే రండి, ఎండ ఎక్కితే పాప ఉండలేదు.