చెరువు మట్టితో చేతిశిల్పాలు: 18 మంది విద్యార్థులకు ఏ పనులు ఇవ్వాలి, ఎంత మందం, ఎట్లా కాల్చాలి?

ఓరుగల్లు_క్లాసు:
నమస్కారం. హన్మకొండలో ఫైన్ ఆర్ట్స్ మొదటి సంవత్సరం పిల్లలకు డిసెంబరులో మట్టి శిల్పం క్లాసు మొదలవుతోంది. 18 మంది ఉన్నారు. చక్రం లేదు, అంతా చేత్తోనే. ఒక ఎలక్ట్రిక్ కిల్న్ (మట్టి కాల్చే బట్టీ) ఉంది: లోపల 40 సెం.మీ. పొడవు, 40 వెడల్పు, 45 ఎత్తు, 1,000 డిగ్రీల దాకా పోతుంది. కాకతీయుల శిల్పం చుట్టూనే ఉంది కాబట్టి మూడు పనులు అనుకున్నాం. వరంగల్ కోట తోరణం మీది హంసలు చూసి ఒక రిలీఫ్ (ఉబ్బెత్తు బొమ్మ) పలక, రామప్ప గుడి మదనిక (స్తంభాల పైన ఉండే స్త్రీ మూర్తి) ఒకటి, చివర్లో మనిషి తలకాయ.

అడగాలనుకున్నవి ఇవీ: చెరువు మట్టి నేరుగా వాడొచ్చా? మొత్తం ఎంత మట్టి కావాలి? లోపల ఇనుప తీగ పెట్టొచ్చా? కిల్న్‌లో పేలకుండా ఏం చేయాలి?

మట్టిపెంకు:
మట్టి సంగతి ముందు తేల్చుకోండి, సగం సమస్యలు అక్కడే పుడతాయి.

పూడిక పైపొర వద్దు, అందులో వేళ్లు, ఆకులు, నత్తగుల్లలు ఉంటాయి. దాని కింద కుమ్మరులు తవ్వుకునే బంకమన్ను కావాలి. ఏ చెరువులో ఏ పక్క తీస్తారో దగ్గరి ఊళ్లో కుమ్మరులను అడిగితే చెప్తారు, వాళ్ల దగ్గరే కొనుక్కోవడం ఇంకా మేలు. నల్లరేగడి ఎక్కువ కలిసిన మట్టి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు అంతా కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. దాన్ని ఒక్కదాన్నే శిల్పానికి వాడలేం.

మన దగ్గర పెద్ద బెడద సున్నపు గుళ్లు. జొన్నగింజంత తెల్లటి గుల్ల మట్టిలో ఉండిపోతే కాల్చినప్పుడు అది కాల్చిన సున్నం అవుతుంది. కిల్న్‌లోంచి తీసినప్పుడు శిల్పం చక్కగానే ఉంటుంది. తర్వాత గాలిలో తేమ తగిలి ఆ సున్నం ఉబ్బుతుంది, వారానికో రెండు వారాలకో పైన చిన్న పెచ్చు ఎగిరిపోతుంది. ఆ గుంట అడుగున తెల్లటి చుక్క కనిపిస్తే కారణం అదే. ఎండుమట్టిలో ఏరిన తెల్ల గుళ్ల మీద వెనిగర్ చుక్క వేసి చూడండి, బుసబుస నురగ వస్తే సున్నమే. మందు ఒక్కటే: మట్టిని రెండు రోజులు నానబెట్టి, గంజిలా కలిపి, 40 మెష్ (అంగుళానికి 40 కన్నాల) జల్లెడలో వడకట్టడం. తర్వాత గోనెపట్టా మీద పోసి ఆరబెట్టి, తొక్కి, పిసికి వాడాలి.

ఆర్ట్ కాలేజీ కాబట్టి ఇంకో జాగ్రత్త. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసే బల్ల మీద ఈ మట్టి పిసకొద్దు. ప్లాస్టర్ ముక్కలు కలిసినా అచ్చం ఇలాగే పెచ్చులు లేస్తాయి. బల్ల, బకెట్లు, పనిముట్లు వేరుగా పెట్టండి.

వడకట్టిన మట్టిలో గ్రాగ్ (కాల్చిన మట్టి రవ్వ) కలపాలి. పగిలిన కుండపెంకులు దంచి, దోమల జాలీలో దిగినది తీసుకుని, టీ జల్లెడతో సన్నపొడి తీసేయండి. పది కిలోల తడిమట్టికి కిలోన్నర గ్రాగ్. ఇది ఒకసారి కాలిన మట్టే కాబట్టి మళ్లీ కుంచించుకోదు, లోపలి తడి బయటికి రావడానికి దారి ఇస్తుంది. వాగు ఇసుక చవక అని అదే పోస్తారు కొందరు. ఇసుకలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా పెరుగుతుంది, చల్లారేటప్పుడు తగ్గుతుంది. ఎక్కువైతే ఆ దెబ్బకు పగుళ్లు వస్తాయి. పెంకులు దంచేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మట్టి కలిపాక 14 సెం.మీ. పట్టీ చేసి దాని మీద సరిగ్గా 10 సెం.మీ. గీత గీసి, ఆరబెట్టి, కాల్చి కొలవండి. గీత 9 సెం.మీ.కు దిగితే 10 శాతం తగ్గుదల. అప్పుడు కాల్చాక 25 సెం.మీ. కావాల్సిన బొమ్మను 28కి దగ్గరగా చేయాలి.

లెక్క: 20 సెం.మీ. చదరపు పలకకు కిలో ముప్పావు, మధ్యరకం బొమ్మకు మూడున్నర, తలకాయకు ఐదున్నర కిలోలు. 18 మందికి 190 కిలోలు దాటుతుంది. 250 తెప్పించుకోండి.

కరీంనగర్_బొమ్మలు:
అన్నా, హంసల పలక మంచిగుంటది, తలకాయ గూడ సరే. మదనిక మాత్రం మొదటేడు పిల్లలకు వద్దు. అది నల్లరాయిల చెక్కింది గాబట్టి సన్నటి చేతులు, కాళ్లు నిలబడ్డయి. పచ్చిమట్టికి గంత బలం లేదు. బయటికి చాపిన చెయ్యి ముందుగాల ఆరిపోతది, మొండెం ఇంక తడిగనే ఉంటది, రెండు కలిసే కాడ పగులుతది. దాని బదులు గా గుడిల నందిని చేయించుండ్రి. కాళ్లు మడిచి కూసున్నది, అంతా ఒక్క ముద్దలకే వస్తది. మట్టికి తగ్గ రూపం అది, చూసినకొద్దీ పిల్లలు నేర్చుకునేది మస్తుంటది.

25 సెం.మీ. నందికి కిలో కిలో రెండు ముద్దలు తీసుకోవాలె. ఒక్కోదాన్ని బొటనేలుతోని లోపలికి నొక్కుకుంట, తిప్పుకుంట గిన్నె లెక్క తియ్యాలె. గోడ అంతటా ఒక సెంటీమీటరు. గంటసేపు ఆరనిచ్చి, రెండింటి అంచులు హాక్సా బ్లేడు ముక్కతోని అడ్డదిడ్డం గీరి, స్లిప్ (నీళ్లల్ల కలిపిన జారుడు మట్టి) రాసి, మూతికి మూతి పెట్టి వత్తాలె. స్లిప్ అదే మట్టితోని చెయ్యాలె, వేరే మట్టిదైతే అతుకు ఇడుస్తది. అతుకు మీద సన్న మట్టితీగ పరిచి రుద్దాలె.

ఇప్పుడే రంధ్రం పొడవొద్దు. లోపల గాలి పట్టి ఉంటది గాబట్టి చెక్కతోని కొట్టినా గోడ లోపలికి పోదు, పొట్ట, వీపు మంచిగ వస్తయి. రూపం వచ్చినంక అడుగున పెన్సిలంత రంధ్రం. మూపురం, తల గూడ లోపల డొల్లగనే చేసి అతకాలె, అతికే కాడ మొండెంలకు రంధ్రం తియ్యాలె. గంటల పట్టెడలు, గజ్జెలు మొండెం లెదర్‌హార్డ్ (తోలు లెక్క బిగిసి, ఇంక కొంచెం తడి ఉన్నట్టు) అయినంకనే అతికి, ఆ రాత్రి పాలిథిన్ కింద ఉంచాలె. అప్పుడు కొత్త మట్టి, పాత మట్టి తడి ఒక్క తీరుగైతది.

ఇనుప తీగ అసలే వద్దు. మట్టి కుంచుకుంటది, తీగ కుంచుకోదు, మట్టి చీలుతది. గదవ కింద, మెడ కింద అదే మట్టితోని పోట్లు (ఆసరాలు) పెడితే అవి గూడ బొమ్మతోనే తగ్గుతయి. పీట మీద రెండు మడతల పేపరు ఏసి దాని మీద బొమ్మ పెట్టుండ్రి. ఆరేటప్పుడు అడుగు సెంటీమీటరున్నర దాక లోపలికి జరుగుతది, పీటకు అంటుకుంటే అక్కడ్నే పగులుతది.

ఓరుగల్లు_క్లాసు:
చాలా మంచి మాట చెప్పారన్నా, మదనిక తీసేసి నంది పెడుతున్నాం. తలకాయ గురించి చెప్పండి. గట్టి ముద్దగా చేసి తర్వాత లోపల తోడేయడమా, కాయిల్‌తో (మట్టితీగలు ఒకదాని మీద ఒకటి చుట్టి) కట్టుకుంటూ పోవడమా? గాలి బుడగలు ఉంటే పేలుతుందంటారు, అదీ భయంగానే ఉంది.

తడిబట్ట:
కాయిల్ చేయించండి. తోడే పద్ధతిలో ముఖం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, నిజమే. కానీ తలను తీగతో కోసి, తోడి, మళ్లీ అతికేటప్పుడు కొత్తవాళ్లు ఒకచోట సెంటీమీటరు, ఇంకోచోట నాలుగు ఉంచేస్తారు. కాయిల్‌లో మందం మొదటి నుంచీ చేతిలోనే ఉంటుంది.

2 సెం.మీ. లావు మట్టితీగలు చేసి, నొక్కి సెంటీమీటరున్నర గోడకు తేవాలి. మెడ నుంచి మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 10 సెం.మీ. కంటే ఎక్కువ లేపొద్దు, కింది భాగం బిగుసుకోకముందే బరువు పడితే మెడ కూలుతుంది. ఆపేటప్పుడు పై అంచు మీద తడిబట్ట వేయాలి. అసలు లాభం ఏంటంటే, నడినెత్తి చివరిదాకా తెరిచే ఉంటుంది. చెయ్యి లోపలికి పెట్టి నుదురు, చెంపలు, కనుబొమల ఎముక లోపలి నుంచి బయటికి తోయొచ్చు. అట్లా వచ్చిన చెంపకు ఉండే నిండుదనం పైన మట్టి అంటిస్తే రాదు. ముక్కు మాత్రం పైన పెట్టాల్సిందే, దాని వెనక మట్టిని లోపలి నుంచి తీసేయండి. ముఖం పూర్తయ్యాక నెత్తి మూయాలి. మెడ కింద తెరిచే ఉంటుంది కాబట్టి వేరే రంధ్రం అక్కర్లేదు.

గాలి బుడగ సంగతి: పేల్చేది గాలి కాదు, మట్టిలో మిగిలిన తడి. 100 డిగ్రీలు దాటగానే అది ఆవిరై ఒక్కసారిగా ఉబ్బుతుంది, మందమైన చోట బయటికి దారి దొరకదు. బాగా ఆరిన మట్టిలో బుడగ ఉన్నా ఏమీ కాదు. తడి మట్టి బుడగ లేకపోయినా పేలుతుంది. అందుకే ఎక్కడా రెండున్నర సెంటీమీటర్లు దాటకుండా చూడాలి.

ఆరబెట్టడానికి రెండు, మూడు వారాలు పెట్టుకోండి. మొదటి వారం పాలిథిన్ కప్పి, రోజూ ఒకసారి లోపలి నీటిచుక్కలు తుడవాలి. రెండో వారం కొంచెం కొంచెం తెరవాలి. చెవులు, ముక్కు, కొమ్ములు ముందే ఆరతాయి కాబట్టి వాటి మీద చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంచాలి. ఫ్యాను కింద, ఎండలో పెట్టొద్దు. పలకలైతే రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య పేపరు వేసి రోజూ తిరగేస్తూ ఆరబెట్టాలి, లేకపోతే అంచులు లేస్తాయి. ఆరిందా లేదా అని అనుమానంగా ఉంటే వంటింటి త్రాసులో తూచండి. రెండు రోజులు వరసగా బరువు తగ్గకపోతే ఆరినట్టే.

కిల్న్: మూత కాస్త తెరిచి 90 డిగ్రీల దగ్గర ఆరు గంటలు. తర్వాత గంటకు 60 చొప్పున 250 దాకా, 80 చొప్పున 600 దాకా, మూత మూసి 120 చొప్పున 950 దాకా, అక్కడ 15 నిమిషాలు. మొత్తం పదిహేడు, పద్దెనిమిది గంటలు. 1,000 దాకా పోతుంది కదా అని పోనీయొద్దు. ఇనుము ఎక్కువున్న చెరువు మట్టి కొన్నిచోట్ల ఇంకా పైకి పోతే ఉబ్బి, మెత్తబడి వంగుతుంది. 100 కిందికి దిగాకే తెరవాలి. మీ కొలతకు ఒక కాల్పులో నాలుగు తలకాయలే పడతాయి, సందుల్లో పలకలు నిలబెట్టొచ్చు. గ్లేజ్ (గాజు పూత) లేదు కాబట్టి ఒకదానికొకటి తాకినా ఫర్వాలేదు. తలకాయలకే ఐదు కాల్పులు కావాలి, పరీక్షల తేదీ చూసుకుని వెనక్కి లెక్కేసుకోండి.

కరీంనగర్_బొమ్మలు:
కిల్న్ ఖాళీ లేకుంటే నందులను కుమ్మరి ఆవంల పెట్టించొచ్చు. కుండ గోడ పల్చగుంటది గాబట్టి అక్కడ మంట జల్దిన పెంచుతరు, మన బొమ్మకు గది కుదరదు. అందుకే బొమ్మను పెద్ద కాగుల పెట్టి, చుట్టూ పెంకులు నింపి, మంట మూతికి దూరంగ, నడుమ పెట్టమని ఆయనను అడుగుండ్రి. ముందురోజు రాత్రంత చిన్న సెగ పెట్టాలె. దానికైన కట్టెల పైసలు ఏరుగ ఇయ్యుండ్రి. గాలి ఆడితే ఎర్రగ వస్తది, పొగ మూస్తే నల్లగ. నల్ల నంది కావాల్నంటే ముందుగాలే చెప్పాలె.

మట్టిపెంకు:
ఒక్కటి చేర్చాలి. ఎంత వడకట్టినా సన్న సున్నం మిగిలిందేమో అనిపిస్తే, కాల్చిన శిల్పం ఇంకా గోరువెచ్చగా ఉండగానే నీళ్లతొట్టిలో పూర్తిగా ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి తీసి ఆరబెట్టండి. సున్నం ఒక్కసారే తడిసి మెత్తబడుతుంది, పెచ్చులు లేచేది చాలావరకు తగ్గుతుంది. ముందు కొలత పట్టీతో పరీక్షించి చూసి, ఆ తర్వాతే పిల్లల పనులు ముంచండి.