ఎమ్యులేటర్ రికార్డింగ్‌కి రివైండ్, బ్రాంచ్‌లు పెట్టాను. రివైండ్ బాగానే ఉంది, బ్రాంచ్ ఒక్కోసారి దారి తప్పుతోంది

ఎనిమిదిబటన్లు:

ఎనిమిది నెలలుగా సొంతంగా ఒక ఎన్‌ఈఎస్ ఎమ్యులేటర్ (పాత నింటెండో గేమ్ యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) రాసుకుంటున్నాను. ఆటను రికార్డ్ చేసే సదుపాయం మొదట్లోనే పెట్టాను. వీడియో కాదు, బటన్లు మాత్రమే. కంట్రోలర్‌కి 8 బటన్లు, కాబట్టి ఫ్రేమ్‌కి ఒక బైట్. పవర్ ఆన్ చేసిన క్షణం నుంచి ఆ బైట్లు అదే వరసలో మళ్లీ అందిస్తే గేమ్ పొల్లుపోకుండా అలాగే నడుస్తుంది.

పోయిన నెల 40 నిమిషాల ఆట రికార్డ్ చేశాను. చివరి బాస్ దగ్గర దెబ్బ తగలగానే 1వ స్లాట్ సేవ్‌స్టేట్ (ఆ క్షణంలో గేమ్ ఉన్న స్థితి మొత్తాన్ని దాచినది) లోడ్ చేయబోయి 2 నొక్కాను. అది ఎప్పుడో 9వ నిమిషంలో పెట్టుకున్నది. గమనించేలోపే ఒక గెంతు గెంతాను. అప్పటి నా కోడ్ ఏం చేసిందంటే, రికార్డింగ్‌ని 9వ నిమిషం దగ్గర కత్తిరించి, ఆ గెంతుని దాని తర్వాత రాసేసింది. 31 నిమిషాలు పోయాయి. అందులో నాలుగో స్టేజిలో ఒక్క దెబ్బ కూడా తినకుండా దాటిన వంతెన ఉంది. దాన్ని నేను మళ్లీ అలా ఆడలేకపోయాను.

ఆ రోజే అనుకున్నాను, ఒకసారి నొక్కిన బటన్ ఇక ఎప్పటికీ చెరగకూడదని. వెనక్కి వెళ్లి ఆడితే అది కొత్త బ్రాంచ్ కావాలి, పాతది పక్కన అలాగే ఉండాలి. ప్రతి 300 ఫ్రేములకు ఒక సేవ్‌స్టేట్ దానంతటదే పడుతుంది (కీఫ్రేమ్ అంటున్నాను). రివైండ్ చేస్తే దగ్గర్లోని కీఫ్రేమ్ లోడ్ చేసి, బొమ్మా శబ్దమూ లేకుండా కావలసిన ఫ్రేమ్ దాకా పరిగెత్తిస్తాను.

ఇప్పుడు రెండు చిక్కులు.

ఒకటి, బ్రాంచ్ చేసిన ప్రతిసారీ ఫైల్ మొత్తం కాపీ చేస్తున్నాను. పద్ధతిగా అనిపించడం లేదు.

రెండోదే అసలు బాధ. కీఫ్రేమ్ నుంచి పాత బటన్లు తిరిగి ఆడిస్తే 40కి 40 సార్లు సరిగ్గా వచ్చింది. నేను చేత్తో పెట్టిన సేవ్‌స్టేట్‌ల నుంచి ఆడిస్తే మాత్రం 10లో 4 డీసింక్ అయ్యాయి (బటన్లు అవే, ఆట మాత్రం రికార్డింగ్ నుంచి దారి తప్పింది). ఇరవై ముప్ఫై సెకన్లు బాగానే ఉంటుంది, తర్వాత ఒక శత్రువు కుడికి రావాల్సింది ఎడమకి వస్తాడు, అక్కణ్ణుంచి నా హీరో గాలిలో కత్తి తిప్పుకుంటూ గోతిలో పడతాడు. రెండు రకాల సేవ్‌స్టేట్‌లనీ రాసేది ఒకే ఫంక్షన్! మూడు రాత్రులుగా చూస్తున్నాను, తేడా ఎక్కడుందో అంతుపట్టడం లేదు.

కొమ్మలెక్క:

మొదటి దానికి నేను చెప్తాను. కాపీ అక్కర్లేదండి. ప్రతి బ్రాంచ్‌కి మూడే విషయాలు రాసుకోండి: తల్లి బ్రాంచ్ ఏది, ఏ ఫ్రేమ్ దగ్గర విడిపోయింది, విడిపోయాక వచ్చిన బటన్లు. ఉదాహరణకి మూల బ్రాంచ్ 18,240 ఫ్రేముల దాకా ఉంది, మీరు 17,900కి వెనక్కి వెళ్లి ఆడారు. కొత్త బ్రాంచ్‌లో "తల్లి 0, మొదలు 17,900" అని ఉంటుంది, దాని కింద కొత్త బైట్లు మాత్రమే. ఆడించేటప్పుడు తల్లులను పట్టుకుని మూలం దాకా పైకి వెళ్లి, ఎవరి వంతు ముక్క వారి దగ్గర తెచ్చుకోవడమే. కీఫ్రేమ్‌లు కూడా అలాగే పంచుకోవచ్చు, 17,900కి ముందువన్నీ ఇద్దరివీ.

సేవ్‌స్టేట్ లోపల బ్రాంచ్ నంబర్, ఫ్రేమ్ నంబర్ తప్పకుండా రాయండి. లేకపోతే లోడ్ అయిన స్టేట్ ఏ కథలో ఎన్నో పేజీదో ఎమ్యులేటర్‌కి తెలియదు. ఎఫ్‌సీఈయూఎక్స్ అనే ఎన్‌ఈఎస్ ఎమ్యులేటర్ అయితే రికార్డింగ్ మధ్యలో తీసిన సేవ్‌స్టేట్‌లో అప్పటిదాకా నొక్కిన బటన్లన్నీ కూడా పెట్టేస్తుంది.

చోటు గురించి అసలు ఆలోచించకండి. ఎన్‌ఈఎస్ సెకనుకి 60.1 ఫ్రేములు వేసుకున్నా 40 నిమిషాలకి లక్షా నలభై నాలుగు వేల బైట్లు. ఫోన్‌లో తీసిన ఒక ఫోటో దీనికన్నా చాలా పెద్దది. చెరపడానికి కారణమే లేదు.

నిదానంగా:

రివైండ్ గురించి అనుభవంతో ఒక మాట. వెనక్కి వెళ్లి వదలగానే పాత బటన్లు తిరిగి ఆడుతుంటాయి కదా, ఆటగాడు ఏదైనా బటన్ నొక్కిన క్షణాన బ్రాంచ్ చేద్దామని నేను మొదట్లో పెట్టాను. పనికిరాలేదు. ఒక్కోసారి ఆటగాడికి కావలసింది ఏమీ నొక్కకుండా నిలబడటమే. పాత రికార్డింగ్ మాత్రం కుడి బటన్ పట్టుకుని ముందుకు లాక్కుపోతుంటుంది. "ఇక నేను ఆడతాను" అని చెప్పడానికి ఒక కీ విడిగా ఉండాలి. అది నొక్కే దాకా చూడటం మాత్రమే.

ఇంకోటి, పట్టుకుని ఉంచితే సినిమా వెనక్కి తిరిగినట్టు కనపడాలంటే, ఒక్కో ఫ్రేముకీ కీఫ్రేమ్ నుంచి పరిగెత్తించకండి. ఆ 300 ఫ్రేముల ముక్కని ఒక్కసారి ముందుకు నడిపి, ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ స్టేట్ మెమరీలో పెట్టుకుని, వెనక నుంచి చూపించండి. అది చూపిస్తుండగా దాని ముందు ముక్క సిద్ధం చేసుకోవచ్చు. ఎన్‌ఈఎస్ స్టేట్ చిన్నది కాబట్టి సరిపోతుంది. ఎస్‌ఎన్‌ఈఎస్‌కి (ఎన్‌ఈఎస్ తర్వాత వచ్చిన నింటెండో యంత్రం) వెళ్తే ర్యామ్, వీడియో ర్యామ్, ఆడియో ర్యామ్ కలిపే 256 కిలోబైట్లు, అంటే సెకను ఆటకి 15 మెగాబైట్లు. అప్పుడు పక్కపక్క స్టేట్‌ల తేడా మాత్రమే దాచుకోవాలి.

సైకిల్‌లెక్క:

డీసింక్ అయిన ఆ నాలుగు సేవ్‌స్టేట్‌లు ఏయే ఫ్రేముల్లో తీశారు? నంబర్లు చెప్పండి. సరిగ్గా వచ్చిన ఆరు కూడా.

ఎనిమిదిబటన్లు:

తప్పినవి: 5,117, 9,043, 12,601, 20,335.
సరిగ్గా వచ్చినవి: 3,480, 6,922, 7,211, 11,050, 15,768, 19,304.

సైకిల్‌లెక్క:

తప్పినవి నాలుగూ బేసి. సరైనవాటిలో ఒక్క 7,211 తప్ప అన్నీ సరి. మీ కీఫ్రేమ్‌లు 300 గుణిజాలు, అవెప్పుడూ సరి ఫ్రేములే. అందుకే అవి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) ఎన్‌ఈఎస్‌లో పీపీయూ, అంటే బొమ్మ గీసే చిప్, ఒక ఫ్రేముకి 341 డాట్‌ల స్కాన్‌లైన్‌లు (తెర మీది అడ్డ వరసలు) 262 నడుపుతుంది, అంటే 89,342 డాట్‌లు. రెండరింగ్ ఆన్‌లో ఉంటే బేసి ఫ్రేముల్లో ఒక డాట్ వదిలేస్తుంది, 89,341. ఇది బేసా సరా అని గుర్తుపెట్టుకునే ఒక ఫ్లాగ్ మీ కోడ్‌లో ఎక్కడో ఉండే ఉంటుంది. దాన్ని సేవ్‌స్టేట్‌లో రాస్తున్నారా? లోడ్ చేసినప్పుడు అది సరి దగ్గరికే వెళ్లిపోతోందని నా అనుమానం.

ఒక్క డాట్ అంటే సీపీయూ సైకిల్‌లో మూడో వంతు. వెంటనే ఏమీ కనపడదు. కానీ కొన్ని గేమ్‌లు తర్వాతి ఎన్‌ఎమ్‌ఐ (ఫ్రేమ్ గీయడం అయ్యాక పీపీయూ సీపీయూకి పంపే సంకేతం) వచ్చేదాకా ఒక చిన్న లూప్‌లో తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ రాండమ్ నంబర్‌ని కదుపుతుంటాయి. ఆ డాట్ తేడాతో ఎప్పుడో ఒకసారి లూప్ ఒక చుట్టు ఎక్కువో తక్కువో తిరుగుతుంది. అక్కణ్ణుంచి శత్రువు ఎటు నడవాలన్నది మారిపోతుంది. 7,211 బతికిపోయిందంటే మీరు చూసినంతసేపట్లో ఆ చుట్టు తేడా రాలేదంతే. ఇంకాస్త ఆడిస్తే అదీ తప్పొచ్చు.

ప్రతి కీఫ్రేమ్ దగ్గర 2 కిలోబైట్ల ర్యామ్‌కి సీఆర్‌సీ32 (డేటా మారితే తనూ మారే ఒక సరిచూపు సంఖ్య) కట్టి రికార్డింగ్‌లోనే పెట్టుకోండి. మళ్లీ ఆడించేటప్పుడు పోల్చండి. శత్రువు ఎడమకి తిరిగేదాకా ఆగక్కర్లేదు, ఏ 300 ఫ్రేముల ముక్కలో తేడా మొదలైందో తెలిసిపోతుంది.

ఎనిమిదిబటన్లు:

అదే! ఆ ఫ్లాగ్ పీపీయూ స్ట్రక్చర్‌లో కాకుండా నా మెయిన్ లూప్‌లో లోకల్ వేరియబుల్‌గా ఉంది, లోడ్ చేయగానే సున్నా అయిపోతోంది. అక్కడే ఇంకోటి కూడా దొరికింది. ఫ్రేమ్ చివర్లో చివరి ఇన్‌స్ట్రక్షన్ సరిహద్దు దాటి తీసుకున్న సైకిళ్లను తర్వాతి ఫ్రేములో తగ్గిస్తాను, ఆ లెక్క కూడా సేవ్ కావడం లేదు. కాకపోతే నేను చూసిన గేమ్ ఆ సమయానికి ఎప్పుడూ ఒకే చోట తిరుగుతోంది కాబట్టి బయటపడలేదు. రెండూ సేవ్‌స్టేట్‌లోకి చేర్చాను.

సీఆర్‌సీ పెట్టి 7,211ని పాత కోడ్‌తో చివరిదాకా ఆడించి చూశాను. మీరన్నట్టే 9,300 దగ్గర తేలిపోయింది. కొత్త కోడ్‌తో పదికి పదీ చివరిదాకా నిలబడ్డాయి. పాత సేవ్‌స్టేట్‌లను పారేయక్కర్లేకుండా ఫ్రేమ్ నంబర్ బట్టి ఆ ఫ్లాగ్ కట్టేస్తున్నాను. మిగులు సైకిళ్లు మాత్రం వాటిలో లేవు కాబట్టి లోడ్ చేస్తే హెచ్చరిక చూపిస్తుంది.

బ్రాంచ్‌లు తల్లి నంబర్ పద్ధతిలోకి మార్చాను, ఆ "ఇక నేను ఆడతాను" కీ కూడా పెట్టాను. రాత్రి బాస్ దగ్గర పదకొండు బ్రాంచ్‌లయ్యాయి, ఒక్కటీ పోలేదు.

కొమ్మలెక్క:

సంతోషం. ఒకటి మర్చిపోయాను: రీసెట్ బటన్. మధ్యలో రీసెట్ నొక్కితే అది కూడా రికార్డింగ్‌లో ఉండాలి, లేకపోతే అక్కడే డీసింక్. మీ 8 బిట్లూ కంట్రోలర్‌కే అయిపోయాయి. ఎఫ్‌సీఈయూఎక్స్ రికార్డింగ్‌లు దాచే ఎఫ్‌ఎమ్2 ఫైల్‌లో ప్రతి ఫ్రేమ్ వరసకీ ముందు ఒక ఆదేశం గడి ఉండేది అందుకే.

ఎనిమిదిబటన్లు:

నిజమే, రీసెట్ సంగతి తట్టనే లేదు. ఫ్రేమ్‌కి రెండు బైట్లు చేస్తున్నాను. 40 నిమిషాలకి 288 కిలోబైట్లు, ఏం పర్లేదు.