పీటా, పీఠమా? పెద్దపీట, కత్తిపీట, పీటముడి

ప్రశ్న: బడ్జెట్ వార్తల్లో "సాగునీటికి పెద్దపీఠ" అని ఒకచోట, "పెద్దపీట" అని ఇంకోచోట కనిపిస్తోంది. ఏది ఒప్పు? అలాగే పీటముడిలో ఉన్నది పెళ్లిపీటేనా? పీటల మీద కూర్చోబెట్టి వేసే ముడి కాబట్టి ఆ పేరు వచ్చిందనుకోవచ్చా?

జవాబు: పెద్దపీటే అండీ, ఒత్తు అక్కర్లేదు. సంస్కృతం నుంచి వచ్చిన పీఠం మన నోట పీట అయింది, అసలు మాటా ఉండిపోయింది. ఆ తర్వాత రెండూ వేరు కాపురాలు పెట్టాయి. గుడి, మఠం, పదవి పీఠం వాటాకి వెళ్లాయి: శక్తిపీఠం, పీఠాధిపతి, మేయర్ పీఠం. వంటిల్లు, భోజనం, పెళ్లి పీటకి వచ్చాయి. అందుకే ముఖ్యమంత్రి పీఠం దక్కుతుంది గానీ పీట దక్కదు. పెళ్లికొడుకు పీటల మీద కూర్చుంటాడు గానీ పీఠాల మీద కాదు. పెద్దపీట వేయడంలో ఉన్నది ఇంటికొచ్చిన మనిషికి పీట వేసి కూర్చోబెట్టే మర్యాద, సింహాసనం కాదు. గౌరవం అనగానే ఒత్తు పెడితే బరువొస్తుందని కాబోలు పీఠ అంటున్నారు. "కత్తిపీఠ" అని రాసేవాళ్లూ ఉన్నారు, దాని మీద ఏ స్వామివారు కూర్చుంటారో మరి!

దీనికి ఎదురు తప్పు పీటభూమి, పీటాధిపతి. అక్కడ ఒత్తు ఉండి తీరాలి. పుస్తకం ముందు రాసే పీఠికకీ అంతే. పీఠికాపురం పిఠాపురమయ్యేటప్పుడు దీర్ఘం పోయింది గానీ ఒత్తు మాత్రం పోలేదు.

ఇంకొకరు: పెళ్లి అర్థం రావాలంటే బహువచనం తప్పనిసరి. "అమ్మాయి పీటలెక్కింది" అంటే పెళ్లి. "పీట ఎక్కింది" అంటే అటక మీది డబ్బా దింపడానికి. "పీటల మీద పెళ్లి ఆగిపోయింది" అంటే తాళి కట్టే వేళకి చెడిందని, నిశ్చితార్థం దగ్గర చెడితే ఆ మాట వాడరు. అయితే పీటల మీద కూర్చున్నారంటే పెళ్లే అనుకోనక్కర్లేదు. సత్యనారాయణ వ్రతానికి కూర్చున్న దంపతులనీ అలాగే అంటారు.

మరొకరు: కత్తిపీట మీద ఎవరూ కూర్చోరు కదా, అది పీట ఎలా అయింది?

జవాబు: అడుగున ఉన్న చెక్క వల్ల. కూర్చునే చెక్క నుంచి ఏ పనికైనా కింద ఆధారంగా ఉండే చెక్కకి మాట పాకింది. చపాతీ పీటా అంతే. కత్తిపీటలో కత్తి కదలదు, పదును తరిగే మనిషి వైపు ఉంటుంది, కూరగాయనే రెండు చేతులా పట్టుకుని దాని మీదికి నెట్టాలి. చెక్క మీద పాదం ఆనించకపోతే గుమ్మడికాయలాంటి గట్టి కాయని నెట్టగానే పీట జరిగిపోతుంది, వేళ్లు తెగేది అప్పుడే. ఆవకాయ ముక్కలు కొట్టేది వేరు: దాని కత్తి ఒక కొసన చెక్కకి బిగించి ఉంటుంది, రెండో కొసన పిడి పట్టుకుని ఎత్తి దించితే టెంకతో సహా తెగుతుంది.

ఇక పీటముడి. పెళ్లిలో వధూవరుల చెంగులకి వేసేది బ్రహ్మముడి, కొంగుముడి అని కూడా అంటారు. పీటముడికి మంగళవాయిద్యాలు అక్కర్లేదు, గోనెసంచి మూతికైనా పడుతుంది. జారుముడి ఒక కొస లాగితే ఊడొస్తుంది. పీటముడి ఏ కొస లాగినా ఇంకా బిగుస్తుంది. విప్పాలంటే లాగడం మానేసి, కొసని ముడిలోకి వెనక్కి తోస్తూ, మధ్యలో దబ్బనం మొన దూర్చి సడలించాలి. పొత్తు చర్చల్లో సీట్ల దగ్గర "పీటముడి పడింది" అని రాసేది ఇందుకే: ఇద్దరూ ఎవరి వైపు వాళ్లు లాగుతున్నారని అర్థం. చర్చలు ఊరికే ఆలస్యమైతే ఆ మాట అతకదు. పీటముడి పడుతుంది, వీడుతుంది. "తెగింది" అని రాస్తే పొత్తే తెగిపోయినట్టుంటుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. చివరిగా ఒకటి. ముక్కాలి పీటలో ఉన్నదీ, "ముక్కాలు మువ్వీసం" అన్నప్పటిదీ ఒకటేనా?

జవాబు: మూడు రెండింట్లోనూ ఉంది, కాలే వేరు. పీటకి ఉన్నది నడిచే కాలు. మూడు కాళ్లే కాబట్టి గచ్చు ఎగుడుదిగుడుగా ఉన్నా ఊగదు, అంచున కూర్చుంటే మాత్రం తిరగబడుతుంది. రెండోదాంట్లో కాలు అంటే పావు. వీసం పదహారో వంతు. ముక్కాలు అంటే 12 వీసాలు, మువ్వీసం 3, కలిపితే 16కి 15. "ముక్కాలు మువ్వీసం మంది వచ్చారు" అంటే రానిది పదహారుమందిలో ఒక్కరన్నమాట.