బెట్టాకి గాజు బౌల్ చాలదా? ఫిల్టర్ ఉన్న ట్యాంకే కావాలా?

కొత్తతొట్టి: కొత్తగా ఒక మగ బెట్టా చేపను తెచ్చాను. నీలం రంగు, పొడవాటి తోక. ప్రస్తుతం 3 లీటర్ల గాజు బౌల్‌లో ఉంది. అమ్మినాయన "దీనికి ఫిల్టర్ అక్కర్లేదు, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది" అన్నాడు. మా తమ్ముడేమో 20 లీటర్ల ట్యాంకు, ఫిల్టర్, హీటర్ లేకపోతే చేపను హింసించినట్టే అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాతకాపు: అమ్మినాయన అబద్ధం చెప్పలేదు. బెట్టాకి మొప్పల దగ్గర లాబిరింత్ అనే అవయవం ఉంటుంది, దాంతో నేరుగా గాలి పీలుస్తుంది. థాయ్‌లాండ్ వరి మళ్లలో, లోతు లేని నిలవ నీళ్లలో బతికే జాతి ఇది. బ్రీడర్లు కూడా మగవాటిని ఒక్కోదాన్ని ఒక్కో సీసాలో పెడతారు, కలిపి వదిలితే రెక్కలు చీల్చుకుంటాయి కాబట్టి. నీళ్లు మార్చే ఓపిక ఉంటే బౌల్‌తో ఇబ్బందేమీ లేదు. కొత్తవాళ్లకి చాంతాడంత లిస్టు చూపించి భయపెట్టకండి.

స్పాంజిబాబు: పాతకాపు గారూ, మీరు సగమే చెప్పారు. లాబిరింత్ తీర్చేది ఆక్సిజన్ కొరత ఒక్కటే. మొప్పల నుంచి, రెట్ట నుంచి, తినకుండా అడుగున నానిపోయిన పెల్లెట్ (మేత గుళిక) నుంచి వచ్చే అమ్మోనియా సంగతేంటి? 3 లీటర్లలో అది చూస్తుండగానే పెరిగిపోతుంది. పైకి నీళ్లు మాత్రం తేటగానే కనిపిస్తాయి, అదే పెద్ద మోసం. వరి మడి లోతు తక్కువే, కానీ విస్తీర్ణం ఎంత! మట్టి, మొక్కలు, సూక్ష్మజీవులు కలిసి అక్కడ నీళ్లను శుభ్రం చేస్తుంటాయి. బౌల్‌లో ఆ పని ఎవరు చేస్తారు?

ఫిల్టర్ అంటే చెత్త పట్టే జల్లెడ అనుకుంటారు చాలామంది. అసలు పని అందులో పెరిగే బ్యాక్టీరియాది. అవి అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంతకంటే హాని తక్కువైన నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్‌ను వారం వారం కొంత నీరు మార్చి తీసేస్తాం.

పాతకాపు: అమ్మోనియా మాట ఒప్పుకుంటాను. కానీ రోజూ నీళ్లు మారిస్తే అదీ పోతుంది కదా. ఇంకోటి చూడండి. పొడుగు రెక్కల రకాన్ని జోరుగా నీళ్లు చిమ్మే ఫిల్టర్ ఉన్న పెద్ద ట్యాంకులో వేస్తే, ఈదలేక ఓ మూల నక్కుతుంది. కొన్నయితే తమ తోక తామే కొరుక్కుంటాయి. ట్యాంకు పెద్దదైతే చాలు, చేప సుఖంగా ఉన్నట్టేనా?

స్పాంజిబాబు: అది ఫిల్టర్ ఎంచుకోవడంలో వచ్చిన తేడా. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టి గాలి తగ్గిస్తే నీళ్లు కదిలీ కదలనట్టు ఉంటాయి. పైభాగంలో వెడల్పాటి ఆకులుంటే వాటి మీద ఆనుకుని పడుకుంటుంది కూడా. ఇక రోజూ మారుస్తామంటారు, ఊరెళ్తే ఎవరు మారుస్తారండీ?

నీటిమొక్క: ఇద్దరూ హీటర్ సంగతి వదిలేశారు. బెట్టాకి 25 నుంచి 27 డిగ్రీలు హాయి. గది రాత్రీ పగలూ అంతే వెచ్చగా ఉంటే హీటర్ దండగ. అందుకే ముందు థర్మామీటర్ కొనండి, చూశాక నిర్ణయించుకోండి. మూత మాత్రం తప్పనిసరి. ఇది గెంతే చేప. మూతకీ నీళ్లకీ మధ్య గాలి ఆడేలా కాస్త ఖాళీ ఉంచండి.

కొత్తతొట్టి: సరే, ట్యాంకు తెస్తున్నాను. మరి బ్యాక్టీరియా తయారయ్యేదాకా ఈయన్ని ఎక్కడ ఉంచాలి?

స్పాంజిబాబు: మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. చేపను ట్యాంకులోనే ఉంచి ఫిల్టర్ నడిపించొచ్చు, నీళ్లు ఎక్కువ కాబట్టి బౌల్ కంటే నయమే. టెస్ట్ కిట్‌తో చూస్తూ, అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనిపిస్తే కొంత నీరు మార్చండి. కొత్త నీళ్లలో కండిషనర్ (క్లోరిన్‌ను విరిచే మందు) కలపండి, వేడి ట్యాంకు నీళ్లతో సమానంగా ఉండేలా చూడండి. కుళాయి నీళ్లను రాత్రంతా బకెట్లో ఉంచితే సరిపోతుందంటారు. క్లోరిన్ అయితే పోతుంది, కొన్నిచోట్ల దాని బదులు కుళాయి నీళ్లలో కలిపే క్లోరమైన్ అలా పోదు. తిండి పూటకి రెండు మూడు పెల్లెట్లకి మించొద్దు. అది అడుక్కుంటూనే ఉంటుంది, మీరు కరగొద్దు.

పాతకాపు: అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నా సీసాలో చేప నురుగు గూడు కడుతోంది. బాధలో ఉన్నది కడుతుందా?

స్పాంజిబాబు: గుడ్లు దాచడానికి మగది కట్టే గూడండీ అది. ఈడొచ్చిన మగది మురికి నీళ్లలోనూ కడుతుంది. గూడు చూసి కాదు, ఓసారి అమ్మోనియా టెస్ట్ చేసి ఆ అంకె ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.