యాడ్ బ్రేక్ దాటగానే సబ్‌టైటిల్స్ ముందుకెళ్లిపోతున్నాయి, సరిచేయడం ఎలా?

పాత 'మిషన్: ఇంపాజిబుల్' టీవీ సిరీస్ మొదటి సీజన్‌లో 'ఓల్డ్ మ్యాన్ అవుట్' అని రెండు భాగాల కథ ఉంది. 1966 అక్టోబర్ 8, 15 తేదీల్లో అమెరికా టీవీ ఛానెల్ సీబీఎస్‌లో వచ్చింది. జైల్లో ఉన్న వృద్ధ కార్డినల్‌ను తప్పించడానికి సీక్రెట్ ఏజెంట్ల టీమ్ జైలు పక్కనే సర్కస్ పెడుతుంది. అద్భుతమైన ప్లాన్! నాన్నగారికి వినికిడి తక్కువ, సబ్‌టైటిల్స్ లేకపోతే చూడలేరు.

మొదటి భాగం బాగానే నడిచింది. సమస్య రెండో భాగంలోనే. 12వ నిమిషం వరకు సరిగ్గా ఉంటాయి. అక్కడ స్క్రీన్ నల్లగా అయి మళ్లీ వచ్చాక, మాట కంటే రెండున్నర సెకన్లు ముందే పడుతున్నాయి. తర్వాతి బ్రేక్ దాటితే 5 సెకన్లు, చివరికొచ్చేసరికి దాదాపు 10. బ్రేక్‌కీ బ్రేక్‌కీ మధ్య మాత్రం తేడా మారదు.

ప్లేయర్‌లో డిలే (సబ్‌టైటిల్స్ అన్నీ ఆలస్యంగా పడే సెట్టింగ్) పెడితే మొదటి బ్రేక్‌కు ముందున్న సీన్లు చెడిపోతున్నాయి. ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది) 25 నుంచి 23.976కి మార్చి చూశాను, మొదటి నిమిషం నుంచే తప్పింది. వేరే రెండు ఎస్‌ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైళ్లలోనూ ఇదే తంతు. నోట్‌ప్యాడ్‌లో ఒక్కో లైన్ టైమ్ దిద్దడం మొదలుపెట్టి, నలభై లైన్ల తర్వాత ఆపేశాను.

ఫలానా లైన్ నుంచి కింద ఉన్నవన్నీ ఒకేసారి జరిపేలా, ముందున్నవి కదలకుండా ఎలా చేయాలి?